లైల్ అవుట్ అన్న బంతి

మా ఊళ్ళో తీసిన ఆ హాస్య సినిమాలో లైల్ హోవ్‌లాండ్ కనిపించేది తొమ్మిది సెకన్లు. ఒక్క పార్కు కోసం టెన్నిస్ వాళ్ళూ పికిల్‌బాల్ వాళ్ళూ కొట్టుకోవడమే ఆ సినిమా కథ. తెల్ల లాగు, తెల్ల చొక్కా వేసుకున్న పొడుగాటి ముసలాయన ఒకడు వేలు పైకెత్తి "అవుట్!" అని అరుస్తాడు. బంతి గీతకు జానెడు లోపల పడిందని చూసేవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంటుంది. అరుస్తుంటే ఆయన గడ్డం వణుకుతుంది, మూతి వంకరపోతుంది. అక్కడ జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి ఫోన్లలో పంపుకుంటున్నారు. నా మనవరాలు కూడా నాకు చూపించి, "అమ్మమ్మా, ఈ దొంగ తాతని చూడు, భలే ఉన్నాడు!" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఊరు వదిలి దూరంగా పెరిగింది, ఆయనెవరో దానికి తెలియదు. తెలిసినవాళ్ళం మేం తగ్గిపోతున్నాం. అందుకని రాస్తున్నాను.

లైల్ మా రేవు పక్క వీధిలో పుట్టాడు. వాళ్ళ నాన్నకు చేపల పడవ ఉండేది. లైల్, నేనూ ఒకే బడిలో చదివాం. ఒకే ఏడు లూథరన్ చర్చిలో పాస్టరు గారి ముందు నిలబడి పది ఆజ్ఞలు అప్పజెప్పాం. తన వంతు ఆజ్ఞ తడబడకుండా చెప్పి, కూర్చునేటప్పుడు మోకాలు బల్లకు కొట్టుకుని, అందరూ నవ్వుతుంటే తనూ నవ్విన పిల్లవాడు అతను. అంత పొడుగు. ఆ పొడుగుకు తగ్గట్టు కాళ్ళూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో చివరిదాకా అతనికి తెలియలేదు, ఒక్క టెన్నిస్ కోర్టులో తప్ప.

ముప్ఫై నాలుగేళ్ళు జనాన్నీ కార్లనూ ఆవలి ఒడ్డుకు దాటించే ఫెర్రీ మీద పని చేశాడు. రేవు రాగానే తాళ్ళు వేయడం, కార్లను ఒకదాని వెనుక ఒకటి లోపలికి పంపడం, వంతెన దించడం. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో వంతెన దగ్గర ఒక పక్కగా నిలబడేవాడు. ఎందుకలా నిలబడతాడా అనుకునేదాన్ని. ముసలివాళ్ళు దిగేటప్పుడు గాలి వాళ్ళకు తగలకుండా తన ఒళ్ళు అడ్డం పెడుతున్నాడని చాలాకాలానికి అర్థమైంది. మా ఆయన ఆవలి ఒడ్డు ఆసుపత్రిలో పదకొండు వారాలున్నప్పుడు నేను రోజూ మొదటి ఫెర్రీకి వెళ్ళేదాన్ని. లైల్ ఒక్క రోజు కూడా "ఎలా ఉన్నాడు?" అని అడగలేదు. తన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి, చక్కెర కలిపి, నా పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. నేను చక్కెర వేసుకుంటానని అతనికెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "వేళకాని వేళ డ్యూటీలు కదా" అనేవాడు. అతనికి ఈ లోకంలో దగ్గరివాడంటూ ఉంటే అది వెండెల్ ప్రూయిట్.

వెండెల్ బయటి ఊరివాడు. భార్య డోరీన్‌తో వచ్చి మా ఊళ్ళో బార్బర్ షాపు పెట్టాడు. వచ్చిన వారానికే షాపు అద్దం మీద ఒక కాగితం అంటించాడు: "టెన్నిస్ ఆడే మనిషి కావాలి. బాగా ఆడక్కర్లేదు." లైల్ ఆ కాగితం చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాడు. అప్పటి నుంచి ముప్ఫై ఎనిమిదేళ్ళు సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఏడింటికి ఇద్దరూ పార్కులో ఉండేవాళ్ళు. మా దగ్గర వాన పడని రోజు తక్కువ. లైల్ అరగంట ముందే వచ్చి పొడుగు కర్రకు బిగించిన రబ్బరు పలకతో కోర్టు మీద నీళ్ళన్నీ తోసేసేవాడు. ఆట అయ్యాక బడి పిల్లల కోసం ఇంకోసారి తోసి మరీ వెళ్ళేవాడు. వెండెల్ మాటల పోగు. లైల్ నోట్లోంచి రోజుకు పది మాటలు వస్తే ఎక్కువ. ఒకరు మాట్లాడుతుంటే ఒకరు వింటూ, బేకరీలో రుబార్బ్ పై అనే పుల్లటి తీపి రొట్టె తింటూ, ఆ ఇద్దరూ సుఖంగా ముసలివాళ్ళయ్యారు.

పార్కుల్లో ఆడే టెన్నిస్‌కు అంపైరు ఉండడు. నీ పక్క పడిన బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి. రవ్వంత అనుమానం ఉన్నా అవతలి వాడిదే పాయింటు. ఇది ఎవరూ కాపలా కాయని నియమం. మనిషి మాట మీదే ఆట నడుస్తుంది. లైల్ దీన్ని చర్చిలో నేర్చుకున్న ఆజ్ఞలతో సమానంగా చూసేవాడు. "వీడితో ఆడితే నా చెత్త బంతులు కూడా మంచివైపోతాయి. గీతకు అంత దూరంలో పడినా ఏమోలే అనుకుని వదిలేస్తాడు," అని వెండెల్ షాపులో కస్టమర్లకు చెప్పి నవ్వేవాడు.

తర్వాత పికిల్‌బాల్ వచ్చింది. చిన్న కోర్టు, చెక్క పలకలాంటి బ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. మా చర్చిలో సగం మంది ఆడవాళ్ళు అందులో చేరారు. కాళ్ళు అరిగినవాళ్ళకు బాగుంటుంది, ఎక్కువ పరుగెత్తక్కర్లేదు. వెండెల్ మోకాలు పాడై రెండేళ్ళయింది. ఒక మంగళవారం డోరీన్‌తో వెళ్ళి ఆడి, మురిసిపోతూ తిరిగొచ్చాడు. వల దగ్గర ఒక చోటుందట, బంతి నేల తాకకముందే అందులో నిలబడి కొట్టకూడదట, ఆ చోటు పేరు వంటగదట.

"నలభై ఏళ్ళుగా డోరీన్ నన్ను వంటగదిలోకి రానివ్వలేదురా లైల్! ఇక్కడా అంతే!" అన్నాడు బేకరీలో.

"ఊరగాయ ఆట," అన్నాడు లైల్.

"ఒకసారి వచ్చి చూడరా."

"ఆ టకటక నాకు రేవుదాకా వినపడుతోంది. చాలు."

వాళ్ళు నవ్వుకుంటూనే ఉన్నారు. కానీ ఆ వేసవిలో ఊరి పెద్దలు పార్కులో వేరే చోటు లేదని చెప్పి ఉన్న రెండు టెన్నిస్ కోర్టుల మీదనే పికిల్‌బాల్ గీతలు కూడా గీయించారు. టెన్నిస్ గీతలు తెల్లవి, వానలకు వెలిసిపోయి ఉన్నాయి. కొత్త గీతలు పసుపు, కళ్ళకు కొట్టొచ్చేట్టున్నాయి. వెనుక తెల్ల గీతకు కాస్త లోపలగా ఒక పసుపు గీత సాగుతుంది.

ఒక బుధవారం బేకరీలో వెండెల్ మెల్లగా చెప్పాడు, ఇకమీద టెన్నిస్ శుక్రవారం ఒక్కరోజే ఆడతానని, మోకాలు ఓర్చుకోవడం లేదని. లైల్ "సరే" అన్నాడట. తింటున్న రుబార్బ్ పై సగంలోనే వదిలేసి లేచాడట.

ఆ శుక్రవారం జరిగింది నేను కళ్ళారా చూశాను. డోరీన్, నేనూ పొద్దున్నే పార్కు చుట్టూ నడిచి, వాళ్ళ ఆట అయ్యేదాకా బెంచీ మీద కూర్చునేవాళ్ళం. వెండెల్ వెనక్కి నడుస్తూ ఒక బంతి ఎత్తి కొట్టాడు. అది లైల్ తల మీదుగా వెళ్ళి వెనుక మూలలో పడింది.

"అవుట్," అన్నాడు లైల్.

వెండెల్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకు అప్పటికే చెవి మిషన్లు. "ఏంటీ?"

"అవుట్ రా. గీత దాటింది."

"ఏ గీత దాటింది? పసుపుదా? అది ఊరగాయ వాళ్ళది. మనది దాని వెనకాల తెల్లది."

"నలభై ఏళ్ళుగా ఆడుతున్నాను. నా గీత నాకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా." వెండెల్ వల దాకా నడిచొచ్చాడు. నవ్వు లేదు. "కచ్చితంగా చూశావా? అనుమానం ఏమీ లేదా?"

లైల్ ఒకసారి నేల వైపు చూశాడు. తర్వాత వెండెల్ ముఖంలోకి చూసి, "లేదు," అన్నాడు.

"సరే. నీ పాయింటే అయితే," అని వెండెల్ వల మీదుగా చెయ్యి కలిపాడు. రాకెట్టు సంచిలో పెట్టుకుని వచ్చేశాడు. మరుసటి శుక్రవారం ఆయన రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. లైల్ ఒక్కడే కోర్టు మీద నీళ్ళు తోసి, ఒక్కడే గోడకు బంతి కొట్టుకుని వెళ్ళేవాడు. అవతలి కోర్టులో పికిల్‌బాల్ వాళ్ళ మధ్య వెండెల్ మాట వినిపిస్తూ ఉండేది. అలా రెండేళ్ళు.

"బంతి పోతే పోయింది, డోరీన్. వాడు నా మొహంలోకి చూసి అన్నాడే, అదీ నా బాధ," అన్నాడట వెండెల్ ఇంట్లో.

ఇటు లైల్ సంగతి నాకు చర్చి వంటగదిలో తెలిసింది. ఆదివారం కాఫీ అయ్యాక పెద్ద కాఫీ పాత్ర కడగడం అతని పని. నేను తుడుస్తున్నాను.

"అల్వీనా, అది లోపలే పడింది," అన్నాడు.

"ఏది?"

"వెండెల్ బంతి."

"అయ్యో, తర్వాత తెలిసిందా?"

"అప్పుడే తెలుసు." పాత్రను మళ్ళీ మొదటి నుంచి రుద్దడం మొదలుపెట్టాడు. "మొదట పసుపు గీతే చూశాను, అవుట్ అన్నాను. ఆ క్షణంలోనే తెల్లది కనిపించింది. కానీ వాడు అడిగేసరికి... ముందు రోజంతా అదే తలపు. శుక్రవారం ఒక్కటే నాకు, మిగతా రోజులు వాళ్ళకి. ఆ ఉక్రోషంతో లేదు అనేశాను."

"వెళ్ళి చెప్పు మరి. ఆయన షాపు ఎక్కడికి పోయింది?"

"రెండుసార్లు వెళ్ళాను. లోపల జనం ఉన్నారు. వాడు కుర్చీ చూపించాడు. జుట్టు కత్తిరించుకుని వచ్చేశాను."

"ఏమైనా మాట్లాడాడా?"

"తల కొంచెం వంచు అన్నాడు."

ఆ నెలలో లైల్ తల ఎందుకంత బోడిగా ఉందో అప్పుడు తెలిసింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వెండెల్ ఎవరికైనా మాట్లాడకుండా క్షవరం చేశాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ప్రభువా, ఈ ఇద్దరి మధ్యా ఒక్క మాట దాటించు తండ్రీ అని ఆ రాత్రి ప్రార్థన చేసుకున్నాను. ఆ తర్వాత కూడా ఎన్నో రాత్రులు.

సినిమా వాళ్ళు వచ్చింది ఆ గొడవ అయిన రెండేళ్ళకు, వేసవిలో. డైరెక్టరు కెండ్రా మస్కో అని ముప్ఫై అయిదేళ్ళ పిల్ల. అందరినీ పేరు పెట్టి పలకరించేది, మా చర్చి హాలు వాడుకుని శుభ్రంగా ఊడ్పించి ఇచ్చేది. ముసలి టెన్నిస్ ఆటగాడు ఒకడూ, ముసలి పికిల్‌బాల్ ఆటగాడు ఒకడూ కావాలని ఊరి వాళ్ళను చూసింది. వెండెల్ తన వంటగది జోకు చెప్పగానే ఆయన్ని తీసుకుంది. లైల్ మొదట ససేమిరా అన్నాడు.

"నటించడం నాకు చేతకాదమ్మా."

"మీరు నటించక్కర్లేదు లైల్ గారూ. అలా నిలబడితే చాలు, నాకు నవ్వొస్తోంది."

"ఎదుట ఎవరుంటారు?"

"వెండెల్ గారు. మీ ఇద్దరూ నిజంగా శత్రువుల్లా ఉన్నారు, తెలుసా? అలాంటిది దొరకాలంటే కష్టం!"

"అయితే చేస్తా," అన్నాడు లైల్.

ఇంటికి వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగాడు. "అక్కడ చెప్తా, అల్వీనా. వలకి ఆ పక్క వాడు, ఈ పక్క నేను. ఎక్కడ అన్నానో అక్కడే చెప్పాలి." ఆ మాట చెప్తున్నప్పుడు అతని ముఖంలో రెండేళ్ళుగా లేని వెలుగు కనిపించింది. పొయ్యి మీది క్లామ్ గుల్లల సూపు ఒక గిన్నెలో పోసిచ్చాను. వద్దనకుండా తీసుకున్నాడు.

ఏం చేయాలో రాసిన కాగితం అతనికి షూటింగు పొద్దుటే ఇచ్చారు. ఊళ్ళో సగం మందిమి కంచె పక్కన నిలబడ్డాం. లైల్ కాగితం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. నడుచుకుంటూ కెండ్రా దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఇది ఎవరు రాశారు?"

"మా రైటర్లు. ఏమండీ, బాలేదా?"

"ఈ ముసలాయన తెలిసే అవుట్ అంటాడా, తెలియకా?"

"తెలిసే!" కెండ్రా నవ్వింది. "కళ్ళ ముందు లోపల పడుతుంది, అయినా అవుట్ అంటాడు. అదే కదండీ జోకు!"

ఆ పిల్లకు మా ఊరి గొడవ ఏమీ తెలియదు. ఇలాంటి గొడవ ప్రతి పార్కులోనూ ఉంటుంది కాబట్టి ఎక్కడో కూర్చుని ఎవరో రాశారు. కంచె పక్కన తెలిసినవాళ్ళం ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేదు.

వెండెల్ నెత్తికి ఎర్ర పట్టీ కట్టారు, చేతిలో చెక్క బ్యాటు. లైల్ "అవుట్" అనగానే వెండెల్ "కళ్ళద్దాలు మార్చుకోరా ముసలోడా!" అని అరిచి, వల దాటి బ్యాటుతో తరమాలి. మోకాలు బాగాలేదు కాబట్టి తరమడం వేరేవాడు చేస్తాడు, అరుపు వరకు వెండెల్‌దే. యాక్షన్ అన్నారు. వలకు అవతల నుంచి ఒకాయన బంతి విసిరాడు. అది తెల్ల గీతకు లోపల పడింది. లైల్ చెయ్యి లేవలేదు.

"లైల్ గారూ?"

"ఇంకోసారి వేయండమ్మా."

రెండోసారి "అవుట్" అన్నాడు కానీ ఎవరికీ వినపడలేదు. మూడోసారి వినపడింది, వేలు లేవలేదు. వెండెల్ మాత్రం ప్రతిసారీ లైల్ పెదవులు కదలగానే హుషారుగా అరుస్తున్నాడు. జనం నవ్వుతున్నారు. అయిదు, ఆరు, ఏడు. నాకు చూడబుద్ధి కాలేదు. చెయ్యని తప్పు చేసినట్టు నటించడం వేరు. ఇతను చేసిన తప్పునే మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నారు, అదీ ఆ మనిషి ఎదుటే.

తొమ్మిదోసారి బంతి పడింది. లైల్ వేలు ఎత్తలేదు. వల వైపు రెండడుగులు వేసి, గట్టిగా, తడబడకుండా అన్నాడు:

"అది లోపలే పడింది, వెండెల్. ఆ రోజు. నాకు అప్పుడే తెలుసు. నేను అబద్ధం చెప్పాను."

కంచె దగ్గర అందరం విన్నాం. కెమెరా వాళ్ళు విన్నారు. వలకు అవతల వెండెల్ నవ్వుతూ చేతిలో బ్యాటు ఊపి అరిచాడు:

"కళ్ళద్దాలు మార్చుకోరా ముసలోడా!"

"కట్, కట్!" అంది కెండ్రా. "లైల్ గారూ, ఆ మాటలు లేవండీ, ఒక్క అవుట్ చాలు. అలసిపోయారా? నీళ్ళు కావాలా?"

లైల్ వెండెల్ వైపు చూస్తూ నిలబడిపోయాడు. వెండెల్ పట్టీ సర్దుకుంటూ వెనక్కి తిరిగి తన చోటికి నడిచాడు. లైల్ కెండ్రాతో, "ఒద్దమ్మా. కానివ్వండి," అన్నాడు.

పదోసారి అతను వేలెత్తి "అవుట్!" అని అరిచాడు. గడ్డం వణికింది, మూతి వంకరపోయింది. కెండ్రా చప్పట్లు కొట్టి ఎగిరింది. సినిమాలో ఉన్నది అదే.

షూటింగు అవగానే లైల్ వెనుక గేటు నుంచి వెళ్ళిపోయాడు. నేను వెంటపడి అందుకున్నాను. "చెప్పావు కదా. చెప్పడం నీ పని, అయిపోయింది," అన్నాను.

"వాడూ జవాబు చెప్పాడు కదా," అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు. శుక్రవారాలు పార్కుకు రావడం మానేశాడు. ఆ శరదృతువులో కోర్టు మీద ఆకులూ నీళ్ళూ అలాగే ఉండిపోయాయి. చివరికి పికిల్‌బాల్ ఆడవాళ్ళే ఒక చీపురు కొని తెచ్చుకున్నారు.

వెండెల్ అలా ఎందుకు చేశాడో నాకు అర్థం కాలేదు. అంత మంచి మనిషి అందరి ముందూ క్షమించలేదే అని మనసులో ఆయన మీద కోపం పెట్టుకున్నాను. చర్చిలో డోరీన్ పక్కన కూర్చుని కూడా అడగలేదు. అడగాల్సింది. దేవుని ఎదుట నేను ఒప్పుకోవలసిన సంగతి అది.

జనవరిలో వెండెల్ షాపులో ఒకరికి గడ్డం గీస్తూ గీస్తూ కింద పడిపోయాడు. పక్షవాతం. కుడి పక్క మొత్తం చచ్చుబడింది. మాట పోయింది. మాట పోవడమే కాదు, మనం అన్నది ఆయన చెవిలో పడుతుంది కానీ మాటగా అర్థం కాదని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి క్యాంటీనులో డోరీన్ చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఏవేవో చెప్పుకుంటూ, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక చిన్న డబ్బా తీసింది.

"ఇవిగో, ఆయన చెవి మిషన్లు. ఇక వీటితో పనేముంది? ఇంతకుముందు ఇలా నా బ్యాగులో పడి ఉన్నది ఆ సినిమా రోజే. నెత్తికి పట్టీ కట్టేసరికి ఇవి కీచుమంటున్నాయని ఆ సౌండ్ మనిషి తీసేయమన్నాడు. లైల్ మూతి చూసి అరిచేస్తాలే అన్నాడు ఈయన."

ఆమె చేతిలోని డబ్బా వైపు చూశాను. "అయితే లైల్ అన్న మాట..."

"ఏం మాట?"

ఆ రోజు డోరీన్ దూరంగా టీలు పోస్తూ ఉంది. ఆమె కూడా వినలేదు. అందరూ విన్నాం, వాళ్ళిద్దరూ తప్ప. తెలుసులే అనుకుని ఎవరం చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. డోరీన్ చాలాసేపు ఏడ్చింది.

"ఇంటికొచ్చాక అడిగాడు అల్వీనా. మధ్యలో అందరూ ఎందుకు ఆగిపోయారు, లైల్ ఏమైనా అన్నాడా అని. డైలాగు మర్చిపోయుంటాడులే అన్నాను నేను. దానికాయన, పాపం వాడికి నలుగురిలో నోరు పెగలదు, రెండేళ్ళ తర్వాత నా ఎదుట నిలబడ్డాడు అదే చాలు, అన్నాడు. శుక్రవారం కోర్టు దగ్గరికి వెళ్తానన్నాడు. వెళ్ళాడు కూడా. అక్కడ ఎవరూ లేరు."

ఆ మధ్యాహ్నమే లైల్ ఇంటికి వెళ్ళాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. నిలబడే చెప్పాను. కత్తి కింద పెట్టాడు.

"అయితే వాడు వినలేదన్నమాట," అన్నాడు. ఒక్క క్షణం అతని ముఖం చిన్నపిల్లవాడిలా విప్పారింది. వెండెల్ తనని కాదనలేదు. ఆ తర్వాత రెండోది తట్టింది. ఇక వెండెల్‌కు వినిపించే దారి లేదు. కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు. నేను మిగిలిన దుంపలు చెక్కాను.

వెండెల్‌ను ఆసుపత్రి నుంచి మా ఊరి కేర్ హోమ్‌కు మార్చారు, సోమవారం ఇద్దరం అక్కడికి వెళ్ళాం. చర్చి తరపున మంచం పట్టినవాళ్ళకు ప్రభువు బల్ల రొట్టె తీసుకెళ్ళే వంతు నాది. వెండెల్‌ను కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. లైల్‌ను చూసి ఎడమ కన్ను నవ్వింది. మనిషిని గుర్తుపట్టాడు, అందులో సందేహం లేదు. లైల్ అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వెండెల్, అది లోపలే పడింది. నీ బంతి. నేను అబద్ధం చెప్పాను రా."

వెండెల్ అతని పెదవులనే చూశాడు. నుదురు ముడిపడింది. నోట్లోంచి "బ... బ..." అని ఏదో వచ్చింది. లైల్ మళ్ళీ చెప్పాడు, ఇంకా నెమ్మదిగా. మళ్ళీ చెప్పాడు. కాగితం మీద రెండు గీతలు గీసి మధ్యలో చుక్క పెట్టి చూపించాడు. వెండెల్ కాగితాన్ని చూసి, పెన్సిలును చూసి, కిటికీలోంచి బయటికి చూశాడు.

టెన్నిస్ వాళ్ళకు ఒక సైగ ఉంది. కోర్టు పొడవునా మాట వినపడదు కాబట్టి, బంతి లోపల పడిందని చెప్పడానికి అరచేతిని నేల వైపు తిప్పి చదునుగా చాపుతారు. లైల్ కాగితం పక్కన పెట్టి ఆ చెయ్యి చాపాడు. పెద్ద చెయ్యి, ఫెర్రీ తాళ్ళకు కాయలు కాసిన చెయ్యి. వెండెల్ కళ్ళ ముందు అలా పట్టుకుని ఉంచాడు, వణక్కుండా.

వెండెల్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తన మంచి చెయ్యి మెల్లగా లేపి, కిందుగా తెచ్చి, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కాదురా," అన్నాడు లైల్. "అది కాదు నేను చెప్పేది." చెయ్యి విడిపించుకుని మళ్ళీ చదునుగా చాపాడు. వెండెల్ మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి వదల్లేదు.

నేను రొట్టె ముక్క ఇద్దరి నాలుకల మీదా పెట్టాను. ప్రార్థన చెప్పాను. కాసేపటికి నర్సు మధ్యాహ్నం భోజనం పళ్ళెం తెచ్చింది. లైల్ ఒక చెయ్యి వెండెల్ దగ్గరే వదిలేసి, రెండో చేత్తో ఆపిల్ గుజ్జు చెంచాతో తినిపించాడు. జారిన చోటల్లా గడ్డం తుడిచాడు.

తిరిగి వస్తూ కారులో అడిగాడు. "అర్థమైందంటావా?"

అయిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. "నాకు తెలియదు, లైల్," అన్నాను.

తల ఊపాడు.

ఏడు వారాలు అతను రోజూ వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ ముందు ఆ మాట చెప్పేవాడని, ఆ తర్వాతే భోజనం పెట్టేవాడని డోరీన్ చెప్పింది. నర్సులు అదేదో వాళ్ళ మధ్య ఉన్న పలకరింపు అనుకున్నారట. మార్చి మొదటి వారంలో వెండెల్ నిద్రలోనే వెళ్ళిపోయాడు. సంగతి తెలియక లైల్ ఆ రోజు కూడా పదకొండింటికి వెళ్ళాడు. గది ఖాళీగా ఉంది, మంచం మీద దుప్పట్లు మార్చేశారు. నర్సు చెప్పింది విని, తెచ్చిన ఆపిల్ గుజ్జు సీసా పక్క గది ఆవిడకు ఇచ్చి, మూత తీసి పెట్టి, ఇంటికి నడిచి వెళ్ళాడు.